ఒకవైపు గొంతు

జపార్ కంప్యూటరు వెనక నుంచి వచ్చే వేడిగాలికి కొంకర్లు పోయిన వేళ్ళు కాచుకుంటూ, తెర మీద పైకి పాకిపోతున్న అక్షరాలను చూస్తున్నాడు. ఈసారైనా చివరిదాకా పోతాయేమో అనుకున్నాడు. పోలేదు. ఏదో చిన్న భాగం దొరకలేదంటూ ఆగిపోయాయి. పొద్దున దాన్ని తెచ్చి పెడితే ఇంకొకటి కావాలంది. ఆ ఇంకొకటి ఈ లినక్స్‌లో మరీ కొత్తదట, పాతదే కావాలట.

"పెళ్ళికి నిన్ను పిలిస్తే ఊరంతటినీ పిలవమంటావేంటే," అని దాన్ని కసురుకున్నాడు.

పక్కగదిలో సోనున్ నవ్వింది. నరీన్ ఊరి అంబులెన్సు కార్యాలయంలో ఫోనెత్తే ఉద్యోగం ఆమెది. పాత స్విచ్‌బోర్డు ఎలా పనిచేసేదో ఈ భవనంలో తెలిసింది వాళ్ళిద్దరికే. కిందటి వారం కరెంటు ఎగిసిపడి ఇనప బీరువాలాంటి ఆ స్విచ్‌బోర్డు లోపల కమిలిపోయింది. అప్పట్నుంచీ అత్యవసర నంబరును సోనున్ సొంత సెల్లుకు మళ్ళించి నెట్టుకొస్తున్నారు. ఆమె స్నానానికి వెళ్ళినా దాన్ని మెళ్ళో వేసుకునే వెళుతోంది. కొత్త యంత్రం కొనే స్తోమతు లేక, పాత కంప్యూటరులో ఉచితంగా దొరికే టెలిఫోను సాఫ్ట్‌వేర్ పెట్టమన్నాడు పెద్ద డాక్టరు కెంజెబెక్.

జపార్ పొట్టివాడు. మంచు గాలికి కమిలిన చెంపలు, స్తంభాలెక్కీ ఎక్కీ వంకర తిరిగిన కాళ్ళు. కుర్రతనంలో కొండల మీదుగా తీగలు లాగాడు. తెగిన తీగను వెతుక్కుంటూ గుర్రం మీద పోతే ఎక్కడో ఒకచోట అది మంచులో వేలాడుతూ కనిపించేది. పట్టుకుని ముడేస్తే మాట ప్రవహించేది. ఆ తీగలన్నీ రాగికోసం ఎవరెవరో కోసుకుపోయాక, నడివయసులో కళ్ళజోడు పెట్టుకుని లినక్స్ నేర్చుకున్నాడు. నేర్చుకున్నాననడం కూడా ఎక్కువే. ఇంటర్నెట్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు రష్యన్‌లో రాసిన జవాబులు వెతికి, తన యంత్రంలో అతికిస్తాడు. సగం జవాబుల కింద "నాకు కుదిరింది, ధన్యవాదాలు" అని ఉంటుంది. ఎలా కుదిరిందో మాత్రం ఏ మహానుభావుడూ రాయడు. ఎదుటపడనివాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో జపార్‌కి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ కోపం ఇంటికి తీసుకెళితే భార్య అనార్‌కుల్ పసిగట్టేది. "ఆ పెట్టెతో పోట్లాడి వచ్చావా? అన్నం ముందు నాతో పోట్లాడకు మరి," అనేది.

ఎట్టకేలకు సాఫ్ట్‌వేర్ ఎక్కింది. సోనున్ బల్ల మీది కొత్త ఫోను పచ్చగా వెలిగింది. జపార్ ఆమెను తన సెల్లుకు చెయ్యమని వసారాలోకి వెళ్ళాడు. సెల్లు మోగింది. ఎత్తి, వినపడుతోందా అని అడిగాడు. అవతల ఒట్టి నిశ్శబ్దం. లోపలికొచ్చి చూస్తే సోనున్ రిసీవరు పట్టుకుని గలగలా మాట్లాడుతోంది. అతని మాట ఆమెకు శుభ్రంగా వినపడుతోంది, ఆమె మాటే బయటికి పోవడం లేదు.

అక్కణ్ణుంచి జపార్‌కి తిక్క మొదలైంది. ముందు రౌటరును అనుమానించి ఆపి, తీసి, మళ్ళీ పెట్టాడు. తర్వాత టెలిఫోను కంపెనీని అనుమానించి, వాళ్ళకు ఫోను చేసి అరిచాడు. అటువైపు అమ్మాయి మర్యాదగా, తమవైపు అంతా బాగానే ఉందంది. సోనున్ పాలు పోసిన టీ, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు తెచ్చిపెడితే చల్లారబెట్టాడు. మధ్యాహ్నానికి అత్యవసర నంబరు ఈ కంప్యూటరుకు మారిపోవాలి. ఆ మార్పు సాయంత్రానికి జరపమని కెంజెబెక్‌ని బతిమాలాడు. డాక్టరు కంపెనీతో మాట్లాడి, వాళ్ళు అప్పుడే మార్చేశారనీ, మళ్ళీ వెనక్కి తిప్పాలంటే రేపటి మాటేననీ చెప్పాడు.

అప్పుడే ఫోను మోగింది.

సోనున్ ఎత్తి, మాట పైకి వినపడేలా మీట నొక్కింది.

"అలో," అంది ఒక ముసలి గొంతు. "అలో... డాక్టరమ్మా?"

"చెప్పమ్మా, ఏమైంది?" అంది సోనున్, అలవాటుగా.

"అలో... ఎవరైనా ఉన్నారా?"

ఆ ముసలమ్మ గొంతు వెనక పొయ్యి మీద ఏదో మరుగుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. ఎవరో మనిషి ఊపిరి కోసం గింజుకుంటున్నాడు. ఊరేదో, ఇల్లేదో ఆమె చెప్పదు. పలకని ఫోనుకు ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటారా? "ఎవరూ పలకడం లేదు, కాస్త ఓర్చుకో," అని వెనకున్న మనిషితో అంటోంది.

తెర మీద నంబరు కనిపిస్తోంది. సోనున్ తన సెల్లునుంచి ఆ నంబరుకు చేసింది. ముసలమ్మ రిసీవరు పెట్టందే ఆ లైను ఖాళీ కాదు.

"కట్ చెయ్యి జపార్."

"చేస్తే మనమే పెట్టేశామనుకుంటుంది కదక్కా."

"అనుకోనీ. చెయ్యి."

కట్ చేశాడు. సోనున్ మళ్ళీ నొక్కేలోపే ముసలమ్మ తిరిగి చేసింది. మళ్ళీ అదే "అలో". మళ్ళీ కట్ చేశారు. సోనున్ ఇక ఆగలేదు. నంబరు మొదటి అంకెలు చూసి తాష్‌బులాక్ పల్లెదని పోల్చుకుని, కిటికీ తెరిచి డ్రైవరు తుర్దుమామత్‌ను కేకేసింది. ఏ ఇల్లో దారిలో చెబుతాను, ముందు బయల్దేరమంది. బండి మంచు చిమ్ముకుంటూ వెళ్ళిపోయాక, ఎప్పటికో లైను దొరికింది. ముసలమ్మ పేరు బాతిమా. భర్త మొల్దోకన్‌కు పొద్దున పశువులకు గడ్డి వేసి వచ్చినప్పట్నుంచీ గుండెల మీద బరువు. తిరగలి పక్క ఇల్లు.

సోనున్ ఆ గుర్తులు తుర్దుమామత్‌కు చెబుతుంటే, జపార్ కంప్యూటరు ముందు కూర్చుని తను అతికించిన వరుసలను ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదివాడు. ఇందాకటి విసురు లేదు. తీగ వెంబడి నడిచినట్టు నడిచాడు. దొరికింది. మన ఇంటి లోపలి ఫోన్లేవో, బయటివేవో యంత్రానికి చెప్పే వరుస అది. ఎవరో అపరిచితుడి జవాబులోంచి తెచ్చి పెట్టినప్పుడు, అందులో అతని ఇంటి నెట్‌వర్కు అంకె అలాగే ఉండిపోయింది. అందుకని పక్కగదిలోని సోనున్ ఫోన్ని యంత్రం పరాయిదనుకుంది. ఆమె మాటలను గుమ్మం బయటికి పంపమంది. అవి అక్కడే ఎటూ కాకుండా పోయాయి. ఒక్క అంకె. రౌటరుదీ కాదు, కంపెనీదీ కాదు.

మార్చి, యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. వసారాలోకి వెళ్ళి సెల్లు చెవిన పెట్టుకుంటే, సోనున్ దగ్గు కూడా వినపడింది.

తర్వాత వచ్చిన ఫోను తుర్దుమామత్‌ది. గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా ఉంది. ముసలాయన్ని ఎక్కించుకుని బయల్దేరామనీ, వంతెన దాటకముందే ప్రాణం పోయిందనీ, ఇంక నరీన్‌కెందుకు, ఇంటికి తిప్పమని ముసలమ్మ అడుగుతోందనీ చెప్పాడు. వెనకనుంచి ఆమె మాట వినపడింది. "నెమ్మదిగా పోనియ్యి నాయనా. ముందంతా రాళ్ళు."

సోనున్ రిసీవరు పెట్టేసింది. జపార్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తప్పు నాదక్కా. ఒక అంకె తప్పు పెట్టాను."

"నన్నేమనమంటావు?" అంది సోనున్. కోపంగా అనలేదు. అతను దానికే ఎక్కువ కుంగిపోయాడు.

మబ్బుల వెనక పొద్దు వాలుతుండగా కెంజెబెక్ వచ్చి, కొత్త ఫోనులో మాట్లాడి చూసి, జపార్ భుజం తట్టాడు. రౌటరులోనే ఏదో లోపమటగా అన్నాడు. కాదని, తనవల్లే ఆలస్యమైందని, ఆ మనిషి పేరు మొల్దోకన్ అని జపార్ చెప్పాడు. డాక్టరు చెయ్యి భుజం మీదే ఉంచి, తాష్‌బులాక్ దారి చాలా దూరమనో, ఆ గుండెనొప్పి పొద్దుననగా మొదలైందనో ఏదో చెప్పబోయాడు. జపార్ వినిపించుకోలేదు. సామాను సంచిలో సర్దుకుని, రేపు తాష్‌బులాక్ వెళ్ళే బండి ఎప్పుడని సోనున్‌ని అడిగాడు. పొద్దున్నే బజారు దగ్గర ఎక్కమంది.

అప్పటికి అంబులెన్సు తిరిగొచ్చింది. తుర్దుమామత్ బండి లోపల కడుగుతూ రోగిని పడుకోబెట్టే బల్ల కిందనుంచి ఏదో తీసి, ఆరడానికి వసారా గట్టుమీద పెట్టాడు. జపార్ దాని పక్కన ఆగాడు.

మెత్తటి తోలు బూటు మీద తొడుక్కునే రబ్బరు జోడులో ఎడమకాలిది ఒక్కటే. దాని బయటంతా బురద. లోపల, చలి ఆగడానికి ముసలాయన కూరుకున్న గడ్డి ఇంకా పొడిగానే ఉంది.