పులివెందుల అరిటి తోటలో పడిన రాయి

క్రిస్టోఫర్ పుట్టినప్పటి నుంచి ఒక్క అబద్ధమూ ఆడినోడు కాదు. ఈ మాట జమ్మలమడుగు మొత్తమ్మీద ఒక్కరే చెప్తారు, అది క్రిస్టోఫరే. చెప్పిన అరగంటకే ప్రొద్దుటూరు సైన్స్ ఎగ్జిబిషన్లో నల్లరాయొకటి బల్ల మీద పెట్టి, "అంగారకుని మీద నుంచి ఊడిపడింది సార్" అనేసినాడు.

ఆ బల్ల వానిదొక్కనిదే కాదు, పదో తరగతిలో వాని జతగత్తె సుమయ్యాది కూడా. పనంతా ఆ పిల్లదే. ఒక గ్రహాన్ని పెద్ద బండేదన్నా గుద్దితే రాళ్ళెగిరి ఇంకో గ్రహం మీద పడతాయంట. వాటి లోపల దాక్కోని జీవం కూడా వస్తాదేమోనని కొందరు సైంటిస్టుల అనుమానం. ఇంతవరకు ఎవరూ తేల్చలా. సుమయ్యా బంకమట్టి ఉండల్లో కొర్రలు పెట్టి, ఐస్‌క్రీం అంగడి ఫ్రీజర్లో నెల రోజులుంచి, తీసి నిప్పుల్లో కాసేపు కాల్చి, పగలగొట్టి నీళ్ళు చల్లింది. అరవై గింజల్లో నాలుగు మొలిచినాయి.

"బతికినాయిరా! లోపల బతికినాయి!" అని ఆ పిల్ల ఎగిరిన ఎగురుడుకు అంగడాయన ఐస్‌క్రీం కింద పడేసుకున్యాడు.

ఈడ నెగ్గిన ఒక్క ప్రాజెక్టే రాష్ట్రం పోటీకి పోతాది. సుమయ్యా ప్రాణమంతా దాని మీదే ఉంది. నాలుగు మొలకల కోసం ఎవడాగుతాడని క్రిస్టోఫర్‌కు దిగులు. అందుకే ఆ పిల్ల వాళ్ళ నానీని, అదే అమ్మమ్మను, పిల్చుకొచ్చేదానికి గేటు కాడికి పోయినప్పుడు రాయి బయటికి తీసినాడు.

మార్కులేసే జయకర్ సార్ వంగి చూసినాడు. "యాడ పడిందిరా?"

"పులివెందుల కాడ సార్, మా మామ అరిటి తోటలో. ఆ వేడికి నాలుగు గెలలు చెట్టు మీదే మాగిపోయినాయి."

"మీ మామకేం కాలేదా?"

"మీసం ఒకపక్క కాలింది సార్. ఇంకోపక్క బాగుంది."

అని రాయి మీద నీళ్ళు పోసినాడు. ఐదు నిమిషాలకు రాతి బొక్కల్లో నుంచి బుడగలు ఉబికినాయి. జిగట జిగటగా, ఒక్కోదాని నడుమ నల్లటి గుడ్డు.

"కండ్లురా! చూస్తాండాయ్!" అని పక్కబల్ల సుధీర్ అరిచినాడు. జనం ఎగబడినారు. సార్ ఫోన్ కోసం జేబులు తడుముకున్యాడు. "హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యాల! ఈ మట్టుండలు తియ్యండప్పా, అడ్డం!" ఎవరో ఉండలూ మొలకలూ ఉన్న సుమయ్యా తట్టను బల్ల కింద పెట్టినారు.

అప్పుడే సుమయ్యా, వాళ్ళ నానీ మైమూన్ వచ్చినారు. నానీ జనాన్ని తోసుకోని పోయి, ఒక కన్నును గోటితో గీకి, నోట్లో వేసుకున్యాది. నానీ నమిలింది.

"సబ్జా గింజలు. రంజాన్‌కు షర్బత్‌లో ఏస్తాం. ఇంగా నానాల."

నవ్వులతో హాలు అదిరిపోయింది. సార్ మొగం మాత్రం ఎర్రగయింది. "అయితే ఆ మొలకలూ దొంగవే! రెండు పేర్లూ కొట్టేస్తాండా!"

సుమయ్యా నేల మీదున్న తట్టను చూసింది, ఆ తర్వాత క్రిస్టోఫర్‌ను చూసింది. వాని నాలుక మీద అప్పటికే మూడు అబద్ధాలు వరసగా నిలబడినాయి. మూడూ మింగేసినాడు.

"సార్, ఆ రాయి మా వీధి కొలిమి కాడ ఏరుకొచ్చిన తుక్కు. సబ్జాలు నేనే కూరినా. నాకు మామే లేడు. ఈ పిల్లకేమీ తెల్దు సార్, నా పేరు కొట్టేయండి. మొలకలు మాత్రం నిజం."

"నిన్నెట్ల నమ్మేదిరా?"

"నన్ను నమ్మొద్దు సార్. కాల్చిన ఉండలు ఇంగా ఇరవై ఉండాయి, పగలగొట్టకుండా. మీరే తీసుకపోయి మొలకెత్తించి చూడండి." వాడు బల్ల కిందికి వేలు చూపించినాడు. "ఆ నాలుగూ మొలిచినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది సార్. మీ అందరికీ అట్ల కావాలనే ఇదంతా చేసినా."

సార్ ఒక పేరు మీద గీత గీసినాడు. ఆ తర్వాత వంగి, బల్ల కిందున్న తట్టను తానే పైకి తీసినాడు.