ఎడమ వైపు నాలుగు వేళ్లు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చెయ్యి ఇంకా నత్తనడకే. ఈ కాస్త రాయడానికి పదిరోజులు పట్టింది.

పారాషూట్లు బాగుచేసే గదిలో ఒకావిడ ఉండేది, అందరూ ఆమెను మేస్త్రమ్మ అనేవారు. పాతికేళ్లు చొక్కాలూ జాకెట్లూ కుట్టి, ఆ తర్వాత ఓ విమానాల మైదానానికి వచ్చింది. విమానంలోంచి దూకేవాళ్ల పారాషూట్ల చిరుగులు కుట్టడం, అరిగిన తాళ్లు మార్చడం ఆమె పని. కోడలు అక్కడే దూకడం నేర్పేది. "కోడలు పైనుంచి దూకుతుంది, అత్త కింద కుట్టుకుంటూ కూర్చుంటుంది. మధ్యలో మావాడు నేలమీద నిలబడి ఇద్దరికీ భయపడతాడు" అని మేస్త్రమ్మ నవ్వేది.

ఆ శుక్రవారం నవ్వలేదు. కోడలు వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తయ్యా, పిడులు బరువుగా ఉన్నాయి. తాళ్లు కాస్త కురచ చేసిపెట్టండి."

పారాషూట్ వెనక అంచుకు రెండు వైపులా తాళ్లుంటాయి, వాటి కొసల్లో పిడులు. నేల దగ్గరయ్యాక రెంటినీ ఒక్కసారి కిందికి లాగితే వేగం చచ్చి కాళ్లు మెత్తగా ఆనుతాయి. చెయ్యి కిందికి పోయేకొద్దీ పిడి బరువెక్కుతుంది. తాడు కురచైతే అంత దూరం లాగక్కర్లేదు. మరీ కురచైతే పారాషూట్ గాలిలో నిలవకుండా కూలబడుతుంది.

"నిన్నటిదాకా లేని బరువు ఇవాళెక్కణ్ణుంచి వచ్చింది?"

"తాళ్లు పాతబడ్డాయేమో."

"తాళ్లు నేను చూశాను. నీ భుజం చూపించు."

కోడలు చూపించలేదు. చూపించక్కర్లేదు కూడా. మూడు వారాల కిందట విమానం తలుపు దగ్గర జారబోయిన శిష్యురాలిని పట్టుకోబోతే ఎడమ భుజం మెలిపడింది. ఆ సంగతి ఇంట్లో తెలుసు, మైదానం మేనేజరుకు తెలియదు. తెల్లారితే ఏటేటా జరిగే పరీక్ష. గీసిన వలయంలో కాళ్లమీద దిగాలి. భుజం సంగతి బయటపడితే దూకనివ్వరు. దూకకపోతే నేర్పే పని పోతుంది.

"ఒక్కో వేలి వెడల్పే తగ్గిస్తాను" అంది మేస్త్రమ్మ. "ముడేస్తాను, దూకి రా. బాగుంటే ఇంకో వేలు, అలా మూడు దాకా. కుట్టు చివర్లో. నా పద్ధతి నీకు తెలియంది కాదు."

"పరీక్ష రేపు పెట్టుకుని ఇవాళ మూడుసార్లు దూకమంటారా? మూడు వేళ్లూ ఒక్కసారే వేసెయ్యండి."

"ఏనుగును మింగేంత ఆశ నీకు."

"మీ అబ్బాయిని చేసుకున్నాను కదా, అక్కడే తెలిసుండాలి మీకు, నాకు ఆశ లేదని."

మేస్త్రమ్మ మొహం తిప్పుకుని ఒప్పుకుంది.

కోడలు వెళ్లాక పారాషూట్‌ను కొక్కానికి తగిలించి, తాళ్లు బిగించి కొలిచింది. మూడు వారాలుగా కిటికీలోంచి ఆమె చూస్తూనే ఉంది. దిగేటప్పుడు కోడలి కుడిచెయ్యి గట్టిగా లాగుతోంది, ఎడమది వెనకబడుతోంది. ప్రతిసారీ ఆఖరి క్షణంలో పారాషూట్ కుడికి ఒరుగుతోంది. ఒక భుజం జారిన మనిషికి చొక్కా కుట్టేటప్పుడు ఆ వైపు కాస్త కుట్టు పట్టడం ఆమె చేతికి అలవాటు. కుడివైపు మూడు వేళ్లు కురచ చేసింది. ఎడమవైపు నాలుగు.

ఏ మార్పు చేసినా చీటీమీద రాసి పారాషూట్ సంచిలో పెట్టాలి. చెబితే కోడలు రోషపడుతుంది, చెయ్యి వంకరంటారా అని దెబ్బలాడుతుంది. మేస్త్రమ్మ చీటీమీద 'రెండు వైపులా మూడు' అని రాసింది.

శనివారం పొద్దున మేనేజరు కళ్లద్దాలు తుడుచుకుంటూ మైదానంలో నిలబడ్డాడు. మేస్త్రమ్మ గది గుమ్మంలోకి వచ్చింది. పైన పారాషూట్ విచ్చుకుంది. విచ్చుకోగానే ఎడమకు తిరగడం మొదలెట్టింది. కోడలు కుడిపిడి లాగి సరిచేసింది. వదిలితే మళ్లీ ఎడమకే. కిందికి వచ్చేదాకా ఆ చెయ్యి దింపే ఉంచింది.

'ఆఖర్న సరిపోతుంది, ఆఖర్న ఎడమచెయ్యి వెనకబడుతుంది' అని మేస్త్రమ్మ లోలోపల అనుకుంటూనే ఉంది.

వెనకబడలేదు. వలయం మీదికి రాగానే కోడలి చేతులు రెండూ సమానంగా కిందికి వచ్చాయి. పారాషూట్ ఎడమకు గిరుక్కున తిరిగింది. కోడలు పక్కవాటుగా వచ్చి అదే భుజంమీద పడింది.

మేస్త్రమ్మ పరుగెత్తింది. కోడలు పళ్లు బిగించి, "పొద్దున నొప్పి తెలియకుండా సూది వేయించుకున్నాను. చెయ్యి బాగానే లాగింది కదా అత్తయ్యా, ఎందుకిలా అయింది?" అంది. ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. బట్ట మనిషి మీద వేలాడటం ఒకటి, మనిషి బట్ట కింద వేలాడటం ఇంకొకటి. పాతికేళ్ల అలవాటు ఆ తేడా మరిపించింది.

మేనేజరు దగ్గరికి వచ్చి సంచిలోంచి చీటీ తీసి చదివాడు. "రెండు వైపులా సమానమే. మరి?"

"గాలి తన్నింది సార్" అంది కోడలు నేలమీంచే.

ఊరుకుంటే పోయేది. గాలి మీదికి పోయేది, ఇంకోసారి పరీక్ష పెట్టేవాళ్లు. కానీ ఆ ముడి అలాగే ఉంటుంది, ఆ చీటీ నిజమే అయి కూర్చుంటుంది.

"గాలి కాదండీ" అంది మేస్త్రమ్మ. "చీటీ అబద్ధం. ఎడమవైపు నాలుగు వేళ్లు కురచ చేశాను."

"ఎందుకు?"

మేస్త్రమ్మ కోడలి వంక చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు.

"దాని భుజం మూడు వారాలుగా బాగాలేదు. నాకు తెలుసు."

మేనేజరు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి గది తాళం చెవులు తెమ్మని కబురొచ్చింది.

ఇచ్చేముందు చివరిసారి మేస్త్రమ్మ కోడలి పారాషూట్‌ను కొక్కానికి తగిలించింది. ముడులు విప్పుతుంటే ఎడమచేతికి కట్టుతో కోడలు వచ్చింది. కిందపడున్న తాడు కొస కుడిచేత్తో పట్టి బిగించింది. బిగించి పట్టందే కొలత నిజం చెప్పదు.

"ఇంకాస్త లాగు."

"లాగుతూనే ఉన్నాను."

ఎడమ వైపు కొలిచారు. కుడి వైపు కొలిచారు.

"ఇకమీదట నాకేం చేసినా ముందు చెప్తారా?" అంది కోడలు.

"నువ్వో?"

కోడలు తాడు వదల్లేదు.

రాసింది: నన్నంతా చిన్నక్క అంటారు. అరవై ఎనిమిదేళ్లు. ఆయన పోయాక, ఇప్పుడు మా చెల్లెలి ఇంటి వెనక గదిలో ఉంటున్నాను.