ఇన్‌ఛార్జమ్మ పచ్చ సంతకం

"మళ్ళీ తువ్వాలు పాడు చేశావు!" అత్తగారు తువ్వాలును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, అంచున ఉన్న నీలం సిరా మరకను ఇంటిల్లిపాదికీ చూపించింది.

"వేళ్ళు తుడుచుకున్నానంతే అత్తయ్యా."

"పాతగుడ్డ అక్కడే పెట్టాగా? అదేమన్నా కరుస్తుందా?"

"ఇవాళ ప్రమోషన్ ఆర్డరొస్తే రేపట్నించి పచ్చ మరకలేలెండి."

"అయితే పచ్చ తువ్వాలు కొనుక్కో" అంది అత్తగారు. పేపరు వెనక భర్త నవ్వాడు.

ఆసుపత్రి స్టోర్సులో గుమాస్తాలు నీలం సిరాతో రాస్తారు. ఆడిట్ వాళ్ళు ఎర్ర సిరాతో టిక్కులు కొడతారు. పచ్చ సిరా అధికారిది. అధికారి కుర్చీ ఖాళీ అయినప్పటి నుంచి ఆ చాకిరీ అంతా కోడలి నెత్తినే పడింది. హోదా ఇన్‌ఛార్జి, సంతకం మాత్రం నీలం. ఆఫీసంతా ఆమెను ఇన్‌ఛార్జమ్మ అనే పిలుస్తుంది. ఒకసారి ముచ్చటపడి పచ్చ పెన్ను కొనుక్కుని సంతకం చేస్తే, పెద్దాఫీసరు ఆ ఫైలును తిప్పి పంపాడు. "ఇంకా అంతదూరం రాలేదమ్మా" అన్నాడు. అప్పటి నుంచి ఆ పెన్ను ఆమె సంచి అడుగున తలపిన్నుల మధ్య పడి ఉంది.

మధ్యాహ్నం పెద్దాఫీసరు పిలిచి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించాడు.

"ఆర్డరొచ్చిందమ్మా. మిఠాయి ఎప్పుడు? ముందు ఆ పచ్చ పెన్ను తియ్యండి."

ఆమె సంచంతా వెతికి పెన్ను తీసింది. ఆర్డరు కింద ఇంకో కాగితం ఉంది. కొన్న దుప్పట్లన్నీ వార్డులకు చేరాయని ధ్రువపత్రం. పొద్దున్నే మూడో వార్డులో ఒక ముసలాయన రెండు తువ్వాళ్ళు ఒకదాని మీద ఒకటి కప్పుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోవడం ఆమె చూసి వచ్చింది.

"దుప్పట్లు రాలేదు సార్."

"వస్తాయి. రేపు ఆడిట్. పచ్చ సంతకం కనబడితే వాళ్ళు టిక్కు కొట్టేసి పోతారు."

"వచ్చాక పెడతాను."

"ఆ సంతకం పడితేనే ఈ ఆర్డరు. ఇన్నాళ్ళూ దీనికోసమేగా కాచుక్కూచున్నారు?"

"అవును సార్. ఇందుకు కాదు."

పచ్చ పెన్ను బల్ల మీద పెట్టి, నీలం పెన్ను తీసింది. ధ్రువపత్రం మీద అడ్డంగా "దుప్పట్లు అందలేదు" అని రాసి, ఆర్డరు మీద "ఈ పదవి నాకు వద్దు" అని రాసి, రెండింటి కిందా సంతకం చేసింది.

ఆయన మొహం మాడిపోయింది. "మళ్ళీ గుమాస్తాల్లో ఆ మూల బల్లకే పోతారా?"

"అక్కడ గాలి బాగా వస్తుంది సార్."

రాత్రి కంచాల ముందు అత్తగారే కదిపింది. "ఏమ్మా, పచ్చ తువ్వాలు కొనాలా?"

"అక్కర్లేదత్తయ్యా. ఆ కుర్చీ వద్దని రాసిచ్చేశాను. రేపు ఆడిట్ వాళ్ళని వార్డుల్లోకి నేనే తీసుకెళ్తా."

భర్త చేతిలో ముద్ద ఆగిపోయింది. "బదిలీ చేసి ఎక్కడికో విసిరేస్తే?"

"విసిరెయ్యనీండి. నీలం సిరా దొరకని ఊరుందా?"

అత్తగారు కోడలి కంచంలో ఇంకాస్త కూర వేసి, "చెయ్యి కడుక్కుని ఆ తువ్వాలుకే తుడుచుకో. ఎలాగూ మరకైందిగా" అంది.

తాళం వేసిన గదిలో, పెద్దాఫీసరు బల్ల మీద, పేపర్‌వెయిట్ పక్కన, పచ్చ పెన్ను బిగించిన మూతతో అలాగే ఉంది.