పొద్దుటి దండం

చెవుల్లో దూది కుక్కుకుని నరహరి మగ్గాల సందులో పక్కకు తిరిగి నడిచాడు. భేస్తాన్‌లోని ఆ మరమగ్గాల కార్ఖానాలో మామూలుగా నడిస్తే చొక్కా ఏదో ఒక మగ్గానికి చిక్కుతుంది. చివరి మగ్గం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మగ్గాన్ని నడిపే కంట్రోలర్ పెట్టెకు ల్యాప్‌టాప్ కలిపాడు. ఆ మగ్గం నేసే అన్న రాజనర్సు ఇంకా రాలేదు.

"ఛాతీల బరువుందట! దవాఖానకు పోయి వస్తడట!" అని పక్క మగ్గం గణపతి అరిచి చెప్పాడు. ఇవాళ అన్న మగ్గాన్నీ గణపతే చూసుకుంటున్నాడు. నరహరి తలూపాడు. అన్నకు గ్యాస్ కొత్త కాదు.

నరహరిది గొప్పగా చెప్పుకునే ఉద్యోగమేమీ కాదు. కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలో, వాటి లోపల అట్టడుగున పనిచేసే లైబ్రరీ అనే ప్రోగ్రాము రాస్తాడు. పై ప్రోగ్రాములు అడిగితే మెమరీ ఇవ్వడం, పనయ్యాక వెనక్కి తీసుకోవడం, అంతే దాని పని. చీర మీద నెమలి బాగుంటే డిజైన్ వేసినవాణ్ణి మెచ్చుకుంటారు. మగ్గం ఆగితే నరహరిని పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో భార్య భాగీరథికి ఈ పనేమిటో చెప్పబోతే సగంలోనే నిద్రపోయింది. ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా వినేది రాజనర్సు ఒక్కడే. తమ్ముడి డిప్లొమా చదువంతా ఆయన రెక్కల కష్టమే.

కొంతకాలంగా ఊరికి అవతలి కొసనున్న అమ్రోలి కార్ఖానాల్లో ఆ కంట్రోలర్లు నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతున్నాయి. గుడ్డ పాడవుతోంది. అన్న మగ్గం మీద పరీక్షిస్తే మాత్రం ఒక్కసారీ ఆగదు. ఇవాళ సాయంత్రంలోగా తప్పు దొరక్కపోతే నీ లైబ్రరీ తీసేసి బయటిది కొంటానని కంపెనీ యజమాని శేఠ్ తేల్చేశాడు. నరహరి ఇంత బతుకులో తన చేతులతో చేసిన వస్తువు అదొక్కటే. అన్నం డబ్బా తెరిచి కూడా కంట్రోలర్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

డబ్బా మూతపెడుతుండగా అన్న మగ్గం ఠక్కున ఆగింది.

"ఆగింది! గణపతీ, ఆగింది!" పిచ్చి సంతోషంతో ఎగిరి లేచాడు. తెర మీద చూస్తే మెమరీ నిండిపోయి ఉంది. పోగు తెగినప్పుడల్లా, డిజైన్ ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంచుకోవడానికి అతని లైబ్రరీ కాస్త మెమరీ ఇస్తోంది. పోగు అతికాక దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు. ఒకే ఒక్క వాక్యం రాయడం మరిచిపోయాడు. అక్కడే కూర్చుని ఆ వాక్యం చేర్చాడు.

"ఇన్ని దినాలు ఆగనిది ఇయ్యాలెందుకు ఆగింది? ఏమన్న ముట్టినవా?" అని గణపతిని అడిగాడు.

"నేనేం ముట్టలేదన్నా. రోజు పొద్దుగాల మీ అన్న దీన్ని మొత్తం బంద్ జేస్తడు. అగరుబత్తి ముట్టిచ్చి, దండం బెట్టి, మల్ల చాలూ జేస్తడు. ఉరుకుతున్నదానికి దండం బెడ్తె ఏం ముడుతదిరా అంటడు. ఇయ్యాల నేను బంద్ జెయ్యలె."

కరెంటు ఆపితే మెమరీ అంతా ఖాళీ అవుతుంది; అమ్రోలిలో అలా ఆపేవాళ్లు లేరు. మగ్గం రాత్రీ పగలూ నడుస్తూనే ఉందనుకున్నాడు నరహరి, ఒక్కనాడూ అడగలేదు. తను వచ్చేలోపే అన్న రోజూ తన తప్పును తుడిచేస్తున్నాడు, ఆ సంగతి ఆయనకూ తెలియదు. నరహరికి నవ్వాగలేదు. ఇది అన్నకు చెప్పి తీరాలని బయటికొచ్చి, దూది తీసి ఫోన్ చేశాడు.

వదిన కొమురవ్వ ఎత్తింది.

"ఎన్నిసార్లు జేసిన, ఎత్తకపోతివి నరహరీ. దవాఖాన మెట్లెక్కంగనే కూలవడ్డడు. పొద్దుగాలనే పోయిండు."

మగ్గం ఆగినందుకు తను గంతేసేటప్పటికే అన్న లేడు. నరహరి దూది మళ్లీ పెట్టుకోకుండానే లోపలికి వచ్చి గణపతి చెవిలో చెప్పాడు. గణపతి ఏడుస్తూనే ఒక్కో మగ్గం ఆపుకుంటూ వెళ్లాడు. తప్పు దొరికిందని శేఠ్‌కు చెప్పాలి. చెప్పబుద్ధి కాలేదు.

కంట్రోలర్ పక్కన మేకుకు రాజనర్సు పనిచొక్కా వేలాడుతోంది, దాని జేబులో అగ్గిపెట్టె ఎత్తుగా కనిపిస్తోంది.