అనుమానముంటే పక్కనుంచే

సింకులో చన్నీళ్ళలో మునిగి ఉన్న టర్కీ కోడి ఇంకా గడ్డకట్టి బండరాయిలాగే ఉంది. మార్లా ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టింది. అరగంటకోసారి మార్చకపోతే మాంసం పాడవుతుంది. మార్చేది ఎవరన్న ప్రశ్న ఈ ఇంట్లో ఎవరికీ రాదు. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. మొగుడు గ్లెన్ వైపు వాళ్ళంతా ఇక్కడికే వస్తారు. కిందటేడూ ఇక్కడికే, అంతకు ముందేడూ ఇక్కడికే. "మార్లా చేతి టర్కీ తిన్నాక ఇంకెవరి వంటా నోటికెక్కదమ్మా" అని అత్తగారు ఎప్పుడో ఒకసారి మెచ్చుకుంది. ఆ ఒక్క మెచ్చుకోలుకి ఇన్నేళ్ళ చాకిరీ. మనిషిని కట్టెయ్యాలంటే తాడెందుకు, ఓ మంచి మాట చాలు.

"మళ్ళీ నిన్నే చూపిస్తున్నారు!" హాల్లో టీవీ ముందు నుంచి గ్లెన్ కేక వేశాడు.

ఆమె వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేదు, ఆదివారం నుంచీ ఆ ముక్క కంఠతా వచ్చేసింది. ఒకప్పటి ఆటగాళ్ళు నలుగురు కోట్లు తొడుక్కుని బల్ల ముందు కూర్చుంటారు. మైదానంలో చారల చొక్కా వేసుకున్న ఆడమనిషి తప్పు జరిగిందని పసుపు గుడ్డ విసిరేస్తుంది. తర్వాత రిఫరీలందరూ గుమిగూడతారు. తర్వాత ఆ ఆడమనిషే నడిచొచ్చి, వంగి, తప్పేమీ లేదన్నట్టు ఆ గుడ్డ తీసి నడుముకి దోపుకుంటుంది. "మనసు మార్చుకున్నట్టుంది మేడమ్ గారు!" అంటాడు ఒకడు. "ఆడవాళ్ళకది మామూలేగా! నన్నడుగు, ముప్పై ఏళ్ళ కాపురం నాది" అంటాడు ఇంకొకడు. నలుగురూ పగలబడి నవ్వుతారు. హాల్లో గ్లెన్ కూడా చిన్నగా నవ్వాడు. పాపం, వెంటనే దగ్గాడు.

మార్లా టొలీడోలో హైస్కూల్లో వ్యాయామం టీచరు. వారమంతా పిల్లల్ని పరిగెత్తిస్తుంది, శనివారం విమానమెక్కి ఏ ఊళ్ళో వేస్తే ఆ ఊళ్ళో పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకి రిఫరీగా నిలబడుతుంది. బృందంలో ఏడుగురు, అందులో ఆడది ఒక్కతే. మూడో ఏడు నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు మిగతావాళ్ళకి తినడానికేమైనా తేవాలని బృందంలో ఒక ఆచారం. మొదటి ఏడు అరటిపండు బ్రెడ్డు చేసి పట్టుకెళ్ళింది. రెండో ఏడూ పట్టుకెళ్ళింది. ఈ ఏడు ఆమె తర్వాత ఇంకొకడు చేరాడు. అతన్నెవరూ ఏమీ తెమ్మనలేదు. "బ్రెడ్డు మార్లా డిపార్టుమెంటు" అన్నాడు పెద్ద రిఫరీ వెండెల్, అదేదో బిరుదిచ్చినట్టు. ఆమె నవ్వింది. నవ్వి, పోయిన శనివారం కూడా విమానంలో ఒళ్ళో పెట్టుకుని పట్టుకెళ్ళింది.

ఇక ఆ ఆదివారం. ఆట ముగియడానికి కాసేపే ఉంది. ఒక జట్టు బంతిని ఆకాశానికి తన్నింది. అవతలి జట్టువాడు పట్టుకుని పరుగందుకున్నాడు. వాణ్ణి పడగొట్టడానికి నలభై ఒకటో నంబరు కుర్రాడు దూసుకొచ్చాడు. ఇంకో రెండడుగులేస్తే ఆ బంతివాడు దొరికిపోయేవాడు. అప్పుడు బంతివాడి జట్టులోనే ఒకడు వెనకనుంచి వచ్చి రెండు అరచేతులూ కుర్రాడి వీపున ఉన్న ఆ నంబరు మీద పెట్టి నెట్టాడు. కుర్రాడు ముఖం బోర్లా పడ్డాడు. బంతి పట్టుకున్నవాడు ఎదురనేది లేకుండా గీత దాటి పాయింట్లు కొట్టేశాడు. స్టేడియం హోరెత్తిపోయింది.

వెనకనుంచి నెట్టకూడదు. ఎదురుగా వచ్చి అడ్డుకో, పక్కనుంచి భుజంతో అడ్డుకో, ఆటే అది. వెనకనున్నవాణ్ణి మనిషి చూడలేడు, కాచుకోలేడు, అందుకే తప్పు. మార్లాకి ఆ ఇద్దరూ మొదటి నుంచి చివరి దాకా కళ్ళెదుటే ఉన్నారు. ఆలోచించే పని లేకుండానే చెయ్యి నడుం మీదికి పోయింది, గుడ్డ గాల్లోకి లేచింది.

అందరూ గుమిగూడారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న తోటి రిఫరీ హాల్ మైదానం అవతలి వైపు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"అమ్మడూ, నాకు పక్కనుంచి తగిలినట్టుంది. భుజానికి తగిలింది. నీకు ఖాయమేనా?"

"వీపు మీద, హాల్. రెండు చేతులూ."

"మొదలు చూశావా? అంటే, అసలు మొట్టమొదట తగలడం?"

వెండెల్ గడియారం వైపు చూశాడు. "త్వరగా తేల్చండి. మార్లా, దీంతో ఆటే తారుమారవుతుంది. రవ్వంత అనుమానమున్నా చెప్పు. అనుమానముంటే పక్కనుంచే, తెలుసుగా."

రిఫరీలకి అది సుప్రభాతంలాంటి మాట. చేరిన రోజే నేర్పిస్తారు: వెనకనుంచో పక్కనుంచో తేలకపోతే, పక్కనుంచే అనుకో, గుడ్డ వెయ్యకు. మంచి మాటే. అయితే ఆమెకి అనుమానం లేదు. ఆ క్షణంలో మార్లాకి కనిపించింది అరచేతులూ వీపూ కాదు, తన వైపే చూస్తున్న ఆరు మగ మొహాలు. ఎవరూ కోపంగా లేరు. అదే వచ్చిన చిక్కు. అందరూ ఎంతో ఓపిగ్గా, ఎంతో దయగా, పొయ్యి మీద పాలు మర్చిపోయిన పిల్లని చూసినట్టు చూస్తున్నారు.

"ఏమో... మొదలు సరిగ్గా చూడలేదేమో" అంది.

"శభాష్. ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి" అన్నాడు హాల్.

ఎవరు వేసిన గుడ్డ వాళ్ళే తీసుకోవాలి. నడిచి వెళ్ళింది. నలభై ఒకటో నంబరు కుర్రాడు ఇంకా అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు, హెల్మెట్ ముందు కడ్డీల్లో గడ్డి ఇరుక్కుని. "మేడమ్" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. "మీరు చూశారుగా మేడమ్."

"వెళ్ళి మీవాళ్ళ దగ్గర కూర్చో" అంది, స్కూల్లో పిల్లలతో అన్నట్టు. అతని కళ్ళలోకి చూడకుండా వంగింది.

తప్పు చేసి దొరికిపోతే వచ్చే సిగ్గు వేరు. అది రెండ్రోజులుండి పోతుంది. ఒప్పు చేసి దాన్ని కాదన్నాక వచ్చే సిగ్గుంది చూశారూ, అది ఒంటికి పట్టిన జిడ్డులాంటిది, ఎంత రుద్దినా పోదు. సోమవారం స్కూల్లో పిల్లలు నవ్వుకుంటే ఆమెకి కోపం రాలేదు. మొహం పగిలేలా ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. తోటి టీచర్లు ఓదార్చారు. "పోనీలే మార్లా, పొరపాట్లు ఎవరైనా చేస్తారు" అన్నారు. పొరపాటు కాదని ఎవరికి చెప్పుకుంటుంది? పొరపాటైతే ఎంత హాయిగా ఉండేదో!

సోమవారమే వెండెల్ ఫోన్ చేశాడు. రిఫరీల మీద పై అధికారి ప్రూట్ మంగళవారం సాయంత్రం ఆమెతో మాట్లాడతాడట. "సులువైన పని, మార్లా. నిలబడాల్సిన చోట నిలబడలేదు, అందుకని మొదలు చూడలేదు, తొందరపడి గుడ్డ వేశాను అని చెప్పు. రెండు మార్కులు పోతాయి, అంతే. హాల్ నిన్ను ఒప్పించాడు, నేను తొందరపెట్టాను అన్నావనుకో, జనవరిలో పెద్ద ఆటలు మనందరికీ పోతాయి. హాల్‌కి ఇదే ఆఖరి ఏడు. నువ్వు మంచిదానివి, నీకు చెప్పక్కర్లేదు."

"సరే వెండెల్" అంది. అంతకన్నా సిగ్గుచేటు, ఫోన్ పెట్టేముందు "థాంక్స్" కూడా అంది.

ఇప్పుడు మంగళవారం సాయంత్రం. ప్రూట్ ఫోన్ రావాల్సిన వేళ. మార్లా సింకు దగ్గర నిలబడి ఉంది. గ్లెన్ ఫోన్ చూసుకుంటూ వంటింట్లోకి వచ్చాడు.

"పాపం, ఆ నలభై ఒకటిని జట్టులోంచి తీసేశారట. కష్టపడి పరిగెత్తడు, మీద పడాల్సిన చోట కాళ్ళు తడబడ్డాయి అని కోచ్ అన్నాడట. పండగ ముందు, ఛ!"

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. "కాళ్ళు తడబడ్డాయన్నాడా?"

"అలాగే రాశారు."

"వాడి కాళ్ళు తడబడలేదు, గ్లెన్. వెనకనుంచి నెట్టారు. నేను చూశాను."

గ్లెన్ తల పైకెత్తాడు. చెడ్డవాడు కాదు. పెరట్లో స్నేహితులు చేరితే "మా ఆవిడ ఎవరనుకున్నార్రా" అని ఛాతీ విరుచుకుని చెప్పుకునే మనిషి. దగ్గరికొచ్చి మెత్తగా అన్నాడు: "అదేంటి, చూడలేదన్నావుగా? చూడు, అయిపోయిందేదో అయిపోయింది. వెండెల్ చెప్పినట్టు చెప్పెయ్. నీ సొమ్మేం పోయింది? ఇప్పుడు కాదంటే అందరితో చెడుతుంది. అయినా... నీకు ఖాయమేనా?"

ఖాయమేనా. అవే మాటలు, అదే మెత్తదనం, ఇదే సింకు. రెండేళ్ళ కిందట ఇదే పండగనాడు ఆమె ఇక్కడ నిలబడి గిన్నెలు తోముతుంటే గ్లెన్ తమ్ముడు క్రెయిగ్ బీరు కోసం వంటింట్లోకొచ్చాడు. హాల్లో అందరూ ఆట చూస్తూ కేకలేస్తున్నారు. వెనకనుంచి వచ్చి రెండు చేతులూ ఆమె తుంటి మీద వేసి, సింకు గట్టుకి అదిమి, చెవిలో నవ్వాడు. తర్వాత బీరు తీసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. సబ్బు చేతులతో ఆమె అలాగే నిలబడిపోయింది. మర్నాడు గ్లెన్‌కి చెప్పింది. చెప్పడానికి మూడుసార్లు మొదలెట్టాల్సి వచ్చింది. "క్రెయిగా? మన క్రెయిగా?" అన్నాడు గ్లెన్. "డ్రాయరు తీయబోయి ఉంటాడు. ఇరుకు వంటిల్లు, పక్కనుంచి వెళ్తుంటే తగిలుంటుంది. తాగున్నాడు కూడాను. నీకు ఖాయమేనా?" మొగుడి మొహంలో ఎంత భయం! ఆ భయం చూసి జాలిపడి, "ఏమో, తగిలుంటుందేమోలే" అంది. అతను గట్టిగా ఊపిరి వదిలి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. బంగారం అన్నాడు. కిందటేడు క్రెయిగ్ మళ్ళీ వచ్చాడు. అతనికిష్టమని తొడ ముక్క ప్రత్యేకంగా తీసి పళ్ళెంలో పెట్టింది ఎవరు? మార్లాయే. అది తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా చచ్చినంత సిగ్గేసింది. క్రెయిగ్ చేసినదానికి కాదు, ఆ తొడ ముక్కకి.

ఫోన్ మోగింది. ఆమె చేతులు తుడుచుకోకుండానే అందుకుంది.

"మార్లా, ప్రూట్‌ని" అన్నాడు అవతల పై అధికారి. "మీ వెండెల్ నాకంతా చెప్పాడు. నిలబడిన చోటు సరిగ్గా లేదు, మొదలు కనిపించలేదు. అంతేనా? అంతే అను, ఇద్దరం పండగ చేసుకుందాం."

"అంతే కాదండీ. నిలబడిన చోటు సరిగ్గానే ఉంది. మొదలు చూశాను, చివరా చూశాను. వీపు మీద రెండు చేతులు. ఆ కుర్రాడి కాళ్ళు తడబడలేదు."

"ఈ మాట మీ బృందంలో ఇంకెవరైనా అంటారా?"

"అనరు. ఇంకెవరూ చూడలేదు."

"నేను వీడియో ఎన్నిసార్లు తిప్పి చూసినా ముందు ఇంకొకడు అడ్డొస్తున్నాడు, ఏదీ తేలడం లేదు. నీ మాట తప్ప నా దగ్గరేమీ లేదు. సరే, చూశావనే అనుకుందాం. అనుమానంతో గుడ్డ తీసుకున్నదానికి నేను రెండు మార్కులు తీస్తాను. ఖాయంగా చూసి కూడా తీసుకున్నావంటే, అది చాలా పెద్ద తప్పు. వచ్చే ఏడు నువ్వు ఉండకపోవచ్చు. తెలిసే చెబుతున్నావా?"

"తెలిసేనండీ."

"మరి ఎందుకు తీసుకున్నావు? ఎవరైనా బలవంతపెట్టారా?"

హాల్ చెయ్యి, వెండెల్ గడియారం, ఆ దయగల మొహాలు అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. నిజమే, అవన్నీ ఉన్నాయి. అవి కూడా చెబుతుంది, ఆయన మళ్ళీ అడిగితే. కానీ ముందు తనది తాను చెప్పాలి.

"ఖాయమేనా అని అడిగారు. ఖాయమే. కాదంటే మంచిదాన్ని అనిపించుకుంటానని తీసుకున్నాను."

ప్రూట్ గొంతు సవరించుకున్నాడు. ఆ కుర్రాడి జట్టుకి ఈ సంగతి చేరుతుందని, ఆ తర్వాత వాళ్ళిష్టమని, మిగతాది సోమవారం మాట్లాడదామని చెప్పి పెట్టేశాడు.

మార్లా తిరిగి చూస్తే గ్లెన్ అక్కడే ఉన్నాడు, మొహం పాలిపోయి. "ఏంటి మార్లా ఇది? ఇన్నేళ్ళ కష్టం! వెండెల్ ఊరుకుంటాడా? రేపు అందరూ నిన్నే అంటారు. కనీసం నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నీతో చెప్పాను, గ్లెన్. రెండేళ్ళ కిందట."

అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అది కూడా ఆమె చూసింది. అంటే ఇన్నాళ్ళూ అతనికీ తెలుసు.

"మీ అమ్మకి ఫోన్ చెయ్యి" అంది మార్లా. "గురువారం క్రెయిగ్ ఈ ఇంటికి రాడని చెప్పు. ఎందుకని అడుగుతుంది. తగిలుంటుంది, ఇరుకు వంటిల్లు అనకు. పక్కనుంచి కాదని చెప్పు."