నొప్పి లేని గురువారం

నేను ఆలుగడ్డల తొక్క తీస్తుంటే మా అత్త ఓల్వెన్ బల్ల మీద నాకొచ్చిన ఆసుపత్రి ఉత్తరం అందుకుని కళ్ళజోడు పెట్టుకుంది.

"గంజాయా? మా ఇంటి కోడలికా?"

"స్పెషలిస్టు చూసి రాసే మందు అత్తయ్యా. ఇంకా రాయలేదు కూడా."

"నేనూ ఇద్దర్ని కన్నాను. కడుపునొప్పని మత్తు తాగలేదు."

నా భర్త గెథిన్ పేపరు చాటునుంచి నవ్వాడు. "నెరిస్‌కి నొప్పి కంటే నొప్పి కథలు ఎక్కువమ్మా!"

పద్దెనిమిదేళ్ళుగా ఇదే మాట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరుగుతోందని తేలడానికే తొమ్మిదేళ్ళు పట్టింది. రెండు ఆపరేషన్లయ్యాయి. ఒక మాత్రకి వాంతులు, ఇంకోదానికి నిలబడే నిద్ర. బడి వంటింట్లో సూప్ గిన్నె దించి చల్లగది తలుపుకి నడుం ఆనించి నిలబడితే, "మళ్ళీ ఆ రోజులేనా?" అంటుంది మేనేజరు. ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి, బట్టలు, అత్తయ్య టీ. పడుకుంటే సాకు. పని చేస్తే, చూశావా, బాగానే ఉన్నావుగా.

సోమవారం ఆ స్పెషలిస్టు, డాక్టర్ ప్రెంటిస్, వీడియోలో మాట్లాడింది. గెథిన్ పిలవకుండానే పక్కన కూర్చున్నాడు.

"ఇది అందరికీ ఇచ్చేది కాదు," అందావిడ. "మొండి మూర్ఛ, కీమో వాంతులు, దేనికీ లొంగని నొప్పి, ఇలాంటివాటికి, అదీ మిగతా మందులు వాడి చూశాకే ఆలోచిస్తాం. తగ్గుతుందని మాటివ్వలేను. పదికి మీ నొప్పి ఎంత?"

"మూడుంటుందేమో," అన్నాడు గెథిన్.

"నేనడిగింది ఆమెని."

"ఎనిమిది," అన్నాను. ఆ అంకె పైకి అనడం అదే మొదటిసారి.

"తగ్గితే ఏం చేయాలనుంది?"

"ఇల్లు సరిగ్గా చూసుకుంటే చాలు," అన్నాడతను.

గిన్నెలు తోముతూ, దుప్పట్లు మడతపెడుతూ వారమంతా నా జవాబు వెతుక్కున్నాను. ఏం కావాలో కూడా తెలియనంతగా నన్నెవరు అరగదీశారు?

డాక్టర్ రాసిన గంజాయి నూనె చుక్కలు వచ్చాయి. మొదటి నెల నోరెండిపోవడం, తల తిరగడం తప్ప ఏమీ లేదు. డాక్టర్ మోతాదు మార్చింది. ఏడో వారం, గురువారం, బడి వంటింట్లో పని ముగించి కోటు వేసుకుంటుంటే ఏదో మర్చిపోయినట్టనిపించింది. సంచి చూసుకున్నాను, తాళాలు తడుముకున్నాను. అన్నీ ఉన్నాయి. లేనిది నొప్పి.

ఇంటి బస్సు వచ్చింది. ఎక్కలేదు. రోడ్డు దాటి సముద్రం వైపు వెళ్ళే బస్సెక్కాను. వేడి చిప్స్ కొనుక్కుని, వెనిగర్ బాగా పోయించుకుని, గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? అమ్మొచ్చి గంటయింది, టీ ఇచ్చే దిక్కులేదు. మళ్ళీ నొప్పా?"

అల ఒకటి వచ్చి బూట్లు తడిపింది.

"అవును గెథిన్, కదల్లేకపోతున్నాను. టీ నువ్వే పెట్టివ్వు," అన్నాను.

నా నొప్పి గురించి అతనితో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.