ఎర్ర దారం లేని దుప్పటి

లెక్క సరిపోయింది. అక్కడే ఆమెకు అనుమానం వచ్చింది.

ముప్పై రెండేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి. మొదట వార్డులో, తర్వాత ఆపరేషన్ థియేటర్లో. కత్తెరలూ దూది ఉండలూ లెక్కపెట్టి, అన్నీ వచ్చాయని ఆమె అంటేనే డాక్టరు కుట్లు వేసేవాడు. రిటైరయ్యాక ఆ జబ్బు బండింట్లోకి వచ్చింది. బండిల్లంటే చక్రాల మీద ఇల్లు: వెనక మంచం, మధ్యలో పొయ్యి, ముందు భర్త స్టీరింగు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినా ఆయనకు రోడ్డు మీద మోజు తీరలేదు. ఆమెకేమో కొండలెక్కే పిచ్చి. ఇద్దరి పిచ్చీ కలిసి ఈ బండి కొనిపించింది. రోజూ పొద్దున్నే గిన్నెలూ తువ్వాళ్ళూ దుప్పట్లూ ఆమె లెక్కపెట్టాల్సిందే. "సిస్టర్‌గారూ, పేషెంటు కడుపులో ఏమీ మర్చిపోలేదు కదా?" అని ఆయన వెక్కిరించేవాడు.

ఒక కొండ కింద సరస్సు ఒడ్డున దిగిన నాలుగో రోజు దుప్పట్లు నాలుగూ ఉన్నాయి. కానీ ఒకదాని మూల ఎర్ర దారం లేదు. తన దుప్పట్లన్నిటికీ ఎర్ర దారంతో ఒక కుట్టు వేయడం ఆమె అలవాటు. ఇదేమో అదే రంగు, అవే గీతలు, కొత్త గుడ్డ వాసన. దుప్పటి పోతే పోయిందనుకోవచ్చు. పోయినదాని చోట్లోకి చప్పుడు కాకుండా ఇంకోటి వచ్చి కూర్చుంటే ఏమనుకోవాలి?

ఇక చూసినదల్లా వంకరగానే కనిపించింది. నాలుగు రోజులు రావాల్సిన ట్యాంకు నీళ్ళు రెండు రోజులకే అడుగంటుతున్నాయి. నెల రోజులుగా ఆయన నడుం నొప్పంటూ ముందు బెంచీ మీద పడుకుంటున్నాడు. పైగా తనను కొండకు తరమడం ఒకటి. "పైదాకా వెళ్ళిరా, తొందరేం లేదు" అంటాడు. ఒకప్పుడు అరగంట ఆలస్యమైతే హారన్ మోగించి కొండంతా అదరగొట్టిన మనిషి! పక్కనే పచ్చ బండిలో ఒంటరిగా దిగిన బొమ్మలు గీసే ఆవిడ ఒకతె ఉంది. ఆయన్ని చూస్తే చెయ్యూపుతుంది, ఈమెను చూస్తే చూపు తిప్పుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

"ఇవాళ శిఖరం దాకా వెళ్తానండీ. వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది" అంది బూట్లు కట్టుకుంటూ.

"మంచిది" అన్నాడాయన, కాస్త ఎక్కువ సంతోషంగానే.

మొదటి మలుపు దాకా వెళ్ళి, బండరాయి మీద కాసేపు కూర్చుని వెనక్కి తిరిగింది. ఈ వయసులో మొగుడి మీద కాపలా ఏమిటని సిగ్గేసింది. అయినా కాళ్ళు ఆగలేదు.

బండింట్లో ఆయన లేడు. పచ్చ బండి వెనక తాడు మీద ఎర్ర దారం ఉన్న తన దుప్పటి వేలాడుతోంది. ఒక కొస ఆయన, ఇంకో కొస ఆవిడ పట్టుకుని ముడతలు లాగుతున్నారు.

"నా దుప్పటికి ఇక్కడేం పని?" అంది.

ఆయన చెయ్యి జారింది. ఆవిడ ఇద్దరినీ చూసి, "మీరే చెప్పండి అన్నయ్యగారూ. రోజూ అదే కదా అంటున్నాను" అని తన బండిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పక్క తడుస్తోంది. నిద్రలో తెలియట్లేదు నాకు. నెలైంది. తడిసింది ఉతికి ఆరేసేదాకా నీ లెక్క తప్పకూడదని అలాంటిదే ఇంకోటి కొని పెట్టాను."

ఆమెకు ముందు ఊపిరి వచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. "నర్సునండీ నేను! ఇలాంటివి ఎన్ని చూశాను! నాకు దాచి, నాలుగు రోజుల పరిచయానికి చెప్తారా?"

"ఆవిడ ఎల్లుండి పోతుంది, మళ్ళీ నా మొహం చూడదు. నువ్వు రోజూ చూడాలి. వార్డు డ్యూటీ రోజుల్లో, పక్క తడిపిన ముసలాళ్ళ గురించి ఇంటికొచ్చి చెప్పేదానివి. వాళ్ళు మొహం ఎలా పెట్టారో చేసి చూపించేదానివి. నేనూ పడీ పడీ నవ్వాను."

ఆమెకు గుర్తుంది. మంచినీళ్ళ గ్లాసు ఒలికిందని బొంకిన ఒక పెద్దాయన కథ ఎందరు చుట్టాలను నవ్వించిందో! పేషెంటు ముందు ఏనాడూ నవ్వలేదు, ఇంటికొచ్చే నవ్వింది. ఇంట్లో విన్న మనిషికి కూడా ముసలితనం వస్తుందని తట్టలేదు.

బండింట్లోకి వెళ్ళి, బెంచీ మీది దిండు తీసి వెనక మంచం మీద తన దిండు పక్కన పెట్టింది. వెనకే వచ్చిన ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రేపు దారిలో డాక్టరుకు చూపిద్దాం. ఆ తర్వాతే మీరు చూద్దామన్న జలపాతం."

"దిండు అక్కడొద్దే. నువ్వూ తడుస్తావు."

"తడిస్తే ఇద్దరం లేచి మార్చుకుందాం."

ఆయన వెంటనే కదల్లేదు. ఆ మాటలో జాలి ఉందో, వెటకారం ఉందో తేల్చుకోలేక ఆమె మొహాన్ని అనుమానంగా వెతికాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. ఆయన చూసుకున్నంతసేపు చూసుకోనిచ్చింది.